విశాఖలో ఆదివారం గ్రహశాస్త్ర తరగతులు: ఒక ఉపాధ్యాయురాలి సమీక్ష

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ ప్రాంతంలోని ఒక అద్దె హాలులో, పదవీ విరమణ చేసిన ఒక గ్రహశాస్త్రవేత్త (గ్రహాలు, చంద్రుడు, ఉల్కల మీద పరిశోధన చేసేవారు) ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే పిల్లలకు ఆరు ఆదివారాల పాటు తరగతులు నిర్వహిస్తున్నారు. ఈ ఏడాది మా అమ్మాయితోపాటు, నేను భౌతికశాస్త్రం బోధించే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఇద్దరు విద్యార్థినులను వెంటబెట్టుకుని ఆ ఆరు వారాలూ వెళ్లాను. ఆ శాస్త్రవేత్త తన పేరు ప్రచారంలోకి రావడాన్ని ఇష్టపడరు కాబట్టి, పిల్లలు పిలిచినట్లే నేనూ ఇక్కడ మేడమ్ గారు అనే రాస్తాను. ఫీజు ఒక్కొక్కరికి 2,400 రూపాయలు. ఒక విడతకు ఇరవై ఎనిమిది మందికి మించి చేర్చుకోరు. తల్లిదండ్రులు కావాలంటే వెనుక బెంచీల మీద కూర్చోవచ్చు.

రెండేళ్ల క్రితం నగరంలోనే మరొకరు నిర్వహించిన రెండు రోజుల అంతరిక్ష శిబిరానికి మా అమ్మాయిని పంపిన అనుభవం నాకు ఇంకా గుర్తుంది. పెద్ద తెర మీద రాకెట్ల వీడియోలు చూపించారు, అట్టతో చేసిన రాకెట్ నమూనా చేతికిచ్చారు, వ్యోమగామి దుస్తుల కటౌట్ పక్కన ఫొటో తీశారు, చివరికి రంగుల సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. ఇంటికి వచ్చాక చంద్రుడి మీద గుంటలు ఎలా ఏర్పడ్డాయని అడిగితే బిడ్డ సమాధానం చెప్పలేకపోయింది. ఆ అసంతృప్తితోనే, కొంత అనుమానంతోనే ఈసారి నేను కూడా వెనుక బెంచీలో కూర్చున్నాను.

మొదటి ఆదివారం హాలులో తెర లేదు, ప్రొజెక్టర్ లేదు. బల్లల మీద వెడల్పాటి ప్లాస్టిక్ తొట్లు, వాటిలో బెత్తెడు మందాన ఇసుక, ఆ ఇసుక మీద జల్లెడతో పలుచగా చల్లిన ముగ్గుపిండి, పక్కన గోళీలు, స్కేళ్లు ఉన్నాయి. పాతిక సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అర మీటరు నుంచి, మీటరు నుంచి గోళీని వదిలి, ప్రతి ఎత్తుకూ ఐదేసి సార్లు గుంట వెడల్పు కొలిచి రాయమన్నారు. గోళీ పడిన చోట తెల్లటి పిండి మీదికి అడుగునున్న గోధుమరంగు ఇసుక చారలుగా చిమ్మింది. చంద్రుడి దక్షిణ భాగంలో సుమారు 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో బిలం చుట్టూ కనిపించే కిరణాలు ఇలాంటివేననీ, అయితే అక్కడ రంగులు తారుమారవుతాయనీ, కోట్ల సంవత్సరాలుగా సౌర పవనమూ (సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహం) సూక్ష్మ ఉల్కలూ తాకి నల్లబడిన ఉపరితలం మీద అడుగునుంచి వచ్చిన తాజా పదార్థం తెల్లగా మెరుస్తుందనీ మేడమ్ గారు వివరించారు. ఎత్తు నాలుగింతలైనా గుంట వెడల్పు నాలుగింతలు కాలేదన్న సంగతి పిల్లలే తమ పట్టికల్లో కనిపెట్టారు. ఆ ప్రయోగానికి ఉన్న హద్దును ఆమె దాచకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. నిజమైన ఉల్క సెకనుకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి తాకినప్పుడు జరిగేది గుచ్చుకోవడం కాదనీ, రాయి ఆవిరైపోయేంత పేలుడనీ, అందుకే ఏటవాలుగా వచ్చి పడినా బిలం చాలావరకు గుండ్రంగానే ఏర్పడుతుందనీ, మన గోళీ ఆ విషయాన్ని చూపించలేదనీ స్పష్టంగా చెప్పారు. పాఠ్యపుస్తకాల్లోని ప్రయోగాలు చేయించే మేము ఈ ఒక్క మాట చెప్పడం తరచూ మరచిపోతాం.

ఆ రోజే మరొక సంఘటన జరిగింది. ఒక జట్టుకు అర మీటరు ఎత్తు నుంచి వచ్చిన ఐదు కొలతల్లో నాలుగు ఐదు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి, ఒకటి మాత్రం ఏడుకు దగ్గరగా వచ్చింది. పిల్లలు దానిని రబ్బరుతో చెరిపేశారు. కాగితం మీద మిగిలిన మరకను చూసి మేడమ్ గారు ఆగి, "అమ్మా, ఆ అంకె ఏం పాపం చేసింది? కొట్టెయ్యకు. దాని పక్కన ఎందుకలా వచ్చిందో రాయి, తెలియకపోతే తెలియలేదని రాయి" అన్నారు. తరువాత అందరూ కలిసి తొట్టిని పరిశీలిస్తే, ఆ గుంట పడిన మూలలో ఇసుక తక్కిన చోటికంటే వదులుగా ఉందని తేలింది. ఈ చిన్న సందర్భాన్ని పట్టుకుని ఆమె చంద్రయాన్-1 కథ చెప్పారు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌకలో అమెరికా వారు సమకూర్చిన మూన్ మినరాలజీ మ్యాపర్ అనే పరికరం ఉంది. చంద్రుడి నేల నుంచి పరావర్తనం చెందిన సూర్యకాంతి వర్ణపటంలో, కంటికి కనిపించని పరారుణ భాగంలో, మూడు మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి కొంత తగ్గినట్లు ఆ పరికరం చూపించింది. నీటి అణువుగానీ, ఆక్సిజన్‌తో జతపడిన హైడ్రోజన్‌గానీ ఉంటే కనిపించే గుర్తు అది. చంద్రుడు ఎండుకట్టెలాంటివాడని అప్పటికి అందరూ నమ్ముతుండటం వల్ల, పరికరం అమరికలోనే లోపం ఉందేమోనని ఆ బృందమే ముందుగా అనుమానించింది. అయినా ఆ గుర్తును చెరిపేయకుండా, 1999 ఆగస్టులో శనిగ్రహానికి పోతూ చంద్రుడి పక్కనుంచి సాగిన కస్సీని నౌక సమాచారాన్ని తిరిగి పరిశీలించారు, 2009 జూన్‌లో డీప్ ఇంపాక్ట్ నౌక చేత చంద్రుణ్ణి మళ్లీ పరిశీలింపజేశారు. మూడింటిలోనూ అదే గుర్తు కనిపించాకే 2009 సెప్టెంబరులో లోకానికి ప్రకటించారు. అప్పటికి దాదాపు నెల ముందే, ఆగస్టు 29న, చంద్రయాన్-1తో సంబంధాలు తెగిపోయాయి. నౌక మూగబోయాక వెలువడిన ఫలితం గురించి వింటూ పిల్లలు ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నారో వెనుకనుంచి చూశాను. ఈ తరగతుల విలువ నాకు అర్థమైంది అక్కడే. నీరు ఉందన్న సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. ఆ సమాచారం మీద నమ్మకం ఏయే మెట్లెక్కి కుదిరిందో చెప్పడానికి స్వయంగా అటువంటి అనుమానాలతో రాత్రులు గడిపిన మనిషి కావాలి.

రెండో ఆదివారం రాళ్ల పాఠం. ఇంట్లోగానీ వీధిలోగానీ దొరికిన, అంతరిక్షం నుంచి పడిందని అనుమానం కలిగించే ఏ రాయినైనా తెమ్మని ముందే చెప్పారు. గాజువాక నుంచి వచ్చిన ఒక అబ్బాయి పిడికిలంత నల్లటి, బరువైన, అయస్కాంతానికి అంటుకునే రాయిని ఎంతో అపురూపంగా గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఉక్కు నగరంలో అటువంటి రాయి ఏమై ఉంటుందో వెనుక కూర్చున్న పెద్దలం చాలామందిమి ఊహించాం. మేడమ్ గారు మాత్రం వెంటనే తీర్పు చెప్పలేదు. రాయిని భూతద్దంతో చూపించి అందులోని చిన్న చిన్న బుడగల గుంటలను అతని చేతనే లెక్కపెట్టించారు. ఉల్కాపాషాణాల్లో అలాంటి బుడగలు సాధారణంగా ఉండవనీ, వాతావరణంలో దూసుకువచ్చేటప్పుడు పైపొర మాత్రమే కరిగి పలుచని నల్లటి పెంకులా గట్టిపడుతుందనీ, లోపల మాత్రం రంగు వేరుగా ఉంటుందనీ చెప్పి, గరుకైన పింగాణీ పలక మీద గీయించి, చివరికి "ఇది కొలిమిలో పుట్టిన చిట్టెం అనడానికి నువ్వే నాలుగు ఆధారాలు రాయి నాన్నా" అన్నారు. ఆ అబ్బాయి చిన్నబుచ్చుకోలేదు. తన రాయి గురించి తానే ఒక నివేదిక రాసుకుని, దానిని అదే గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు.

ఆ తరువాత ఆమె చెప్పిన షెర్గోటీ రాయి కథ ప్రతి భారతీయ విద్యార్థికీ తెలియాలి. 1865 ఆగస్టు 25న బీహారులోని షెర్గోటీ అనే ఊరి వద్ద పడిన ఆ రాయి పేరుతోనే అంగారకుడి నుంచి వచ్చిన ఒక జాతి రాళ్లను ప్రపంచమంతా షెర్గొటైట్లు అని పిలుస్తోంది. అవి అంగారకుడి నుంచే వచ్చాయని ఎలా తెలిసిందన్నది ఆమె వేసిన ప్రశ్న. అంటార్కిటికా మంచులో 1979-80 అన్వేషణ కాలంలో దొరికిన అదే జాతికి చెందిన మరొక రాయిలో, గాజుగా మారిన భాగంలో చిక్కుకుపోయిన వాయువుల పాళ్లు, 1976లో అమెరికా వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి కొలిచిన గాలి పాళ్లతో సరిపోయాయి. ఒకటి మంచులో దొరికిన రాయి, మరొకటి మరో గ్రహం మీద నిలబడి కొలిచిన గాలి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఒకరికి రావడం గురించి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో వినిపించిన సంతోషం వీడియో పాఠాల్లో దొరికేది కాదు.

నాలుగో ఆదివారం తెల్లవారుజామునే బస్సులో ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్లారు. భీమిలి దారిలో నేను రోజూ చూసే దిబ్బలవి. భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తింపు పొందాయనీ, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి చేరాయనీ కూడా తెలుసు. అయినా వాటిని ఆ రోజు చూసినట్లు ఎన్నడూ చూడలేదు. దిబ్బల ఎరుపుకూ అంగారకుడి ఎరుపుకూ కారణం ఇనుము ఆక్సిజన్‌తో కలవడమేనని చెప్పి అక్కడితో ఆగిపోతే అది పర్యాటక మార్గదర్శి చెప్పే మాటే అయ్యేది. ఆమె పిల్లలను ఒక లోతైన పాయ అంచున కూర్చోబెట్టి, పైనుంచి చూసినట్లుగా ఆ పాయల బొమ్మ గీయమన్నారు. తరువాత ఉపగ్రహాలు తీసిన అంగారకుడి లోయల చిత్రాలను చేతికిచ్చి, వీటిలో నీరు కోసినవి ఏవి, గాలి కోసినవి ఏవి, కేవలం ఒడ్డు జారి ఏర్పడినవి ఏవి, ఏ గుర్తు చూసి అలా అంటున్నారో రాయమన్నారు. పాయలు కలుస్తూ పోయే తీరు, పాయ చివర పరుచుకున్న మట్టి ఆకారం, మలుపులు, వీటి మీద పిల్లలు వాదించుకున్నారు. ఈనాటి అంగారకుడి మీద గాలి పీడనం భూమి మీదున్న దానిలో ఒక శాతం కూడా లేనందువల్ల ద్రవరూపంలో నీరు నేల మీద నిలవలేదని ఆమె గుర్తుచేసినప్పుడు, మరి ఈ లోయలు కోసిన నీరు ఎప్పటిదన్న ప్రశ్న మా పాఠశాల అమ్మాయి నోటి నుంచే వచ్చింది. దిబ్బల గోడలెక్కి మట్టి రాల్చవద్దని ఆమె ముందే కట్టడి చేశారు, ఒక్క పిడికెడు మట్టి కూడా ఎవరూ సంచిలో వేసుకోలేదు.

తిరుగు దారిలో సముద్రపు ఒడ్డున ఆగినప్పుడు ఇసుకలో నల్లటి చారలను చూపించి, ఆ నల్లటి రేణువుల్లో ఉన్న ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం చంద్రుడి నల్లటి మైదానాల బసాల్ట్ (లావా గడ్డకట్టిన) రాళ్లలోనూ ఉంటుందనీ, ఎర్రగా మెరిసే రేణువులు గార్నెట్ అనే ఖనిజానివనీ, అవి మన కైలాసగిరి, సింహాచలం కొండల ఖొండలైట్ రాయి అరిగి వచ్చినవనీ చెప్పారు. ఆ రాయికి తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం మన తూర్పు కనుమలూ తూర్పు అంటార్కిటికాలోని కొంత భాగమూ ఒకే భూఖండంలో అతుక్కుని ఉన్నాయని విన్నాక, సింహాచలం మెట్లెక్కేటప్పుడు నేను రాయిని చూసే చూపు మారింది.

దూరదర్శిని రాత్రి గురించి మాత్రం ఇంత ఇష్టంగా రాయలేను. శుద్ధ దశమి నాడు ఏర్పాటు చేయడం సరైన నిర్ణయమే. పున్నమి చంద్రుడి మీద నీడలు పడవు గనుక బిలాల లోతు తెలియదు, దశమి నాడు కోపర్నికస్ బిలం వెలుగునీడల సరిహద్దుకు దగ్గరగా ఉండి గట్లూ మధ్యనున్న శిఖరాలూ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ బిలం వెడల్పు సుమారు 93 కిలోమీటర్లు. అంటే ఒక గట్టు విశాఖలో ఉంటే ఎదుటి గట్టు దాదాపు శ్రీకాకుళం దగ్గర తేలుతుంది. కానీ స్థలంగా ఎంచుకున్నది బీచ్ రోడ్డుకు ఆనుకుని ఉన్న డాబా. వీధి దీపాల వెలుగు, సముద్రపు తేమ, ఒకే ఒక్క ఆరంగుళాల దూరదర్శిని, ఇరవై ఎనిమిది మంది పిల్లలు, వారి వెనుక ఉత్సాహం ఆపుకోలేని తల్లిదండ్రులు. ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కలేదు, చిన్నపిల్లలు కొందరు దృశ్యం కుదుటపడక ముందే కన్ను తీసేయవలసి వచ్చింది. రెండు రాత్రులుగా విభజించి, నగరం వెలుపల చేసి ఉంటే బాగుండేది. వేచి ఉన్న సమయంలో ఆమె చెప్పిన స్థానిక చరిత్ర ఆ లోటును కొంత తీర్చింది. ఇదే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబా గార్డెన్స్‌లోని తమ నివాసంలో ఖగోళ పరిశీలనశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడినుంచే పరిశీలించారు. అటువంటి దృశ్యం 2004లోనూ 2012లోనూ వచ్చింది, మళ్లీ 2117 డిసెంబరులోగానీ రాదు. డాబా గార్డెన్స్ మీదుగా ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేని మాకు ఆ పేటకు అటువంటి గతం ఉందన్నది ఆ రాత్రే తెలిసింది.

చివరి ఆదివారం ఆమె తన వృత్తి జీవితం గురించి మాట్లాడారు. చాలామంది తల్లిదండ్రులు ఎదురుచూసినది దీనికోసమే. ఆమె ఏ ఘనకార్యాన్నీ తన ఖాతాలో వేసుకోలేదు. డిగ్రీలో భౌతికశాస్త్రం, పీజీలో భూవిజ్ఞానం చదివి, ఉల్కాపాషాణాల పరిశోధనలో పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి ముప్పై ఏళ్లు దాటాయని చెప్పారు. ఆవగింజలో పదో వంతు కూడా లేని ఒక్క రేణువు మీద నెలల తరబడి పనిచేసిన రోజులు, సమీక్షకులు తిప్పి పంపిన వ్యాసాలు, ఆమోదం దొరకని ప్రతిపాదనలు, అన్నీ పిల్లల ముందు దాపరికం లేకుండా ఉంచారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయినప్పుడు దానితోపాటు ప్రజ్ఞాన్ రోవర్ మీది పరికరాలూ పోయాయి, వాటిని తయారుచేసిన బృందాలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 కోసం సిద్ధం చేశాయి. చంద్రయాన్-3 రోవర్ సుమారు వంద మీటర్లు నడిచి 23 చోట్ల నేల కూర్పును కొలిచింది; చంద్రుడు పుట్టిన కొత్తలో కరిగిన శిలాద్రవపు సముద్రంలా ఉండేవాడనీ, తేలికైన ఖనిజాలు పైకి తేలి పైపొరగా గట్టిపడ్డాయనీ చెప్పే సిద్ధాంతానికి ఆ కొలతలు దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలోనుంచి బలం చేకూర్చాయి. పరిశోధన అంటే ఏమిటో, ఓర్పు అంటే ఏమిటో ఇంతకంటే మంచి ఉదాహరణతో చెప్పలేం.

బోధన వైపు ఎందుకు వచ్చారో కూడా చెప్పారు. ఉద్యోగంలో ఉండగా ఎన్నో పాఠశాలల్లో పెద్ద సభల్లో ఉపన్యసించారట. చప్పట్లు వచ్చేవిగానీ, ఏడాది తరువాత అదే పాఠశాలకు వెళ్లి అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండేది కాదట. అందుకే సంఖ్య తగ్గించి, తెర తీసేసి, తొట్లు పెట్టానన్నారు. ఆ మాటలు నన్ను చాలా ఆలోచింపజేశాయి. అయితే ఈ భాగానికి నలభై నిమిషాలే కేటాయించడం పెద్ద లోపం, అందులోనూ సగం కాలాన్ని ఎంత ర్యాంకు రావాలి, జీతం ఎంత వస్తుంది అన్న తల్లిదండ్రుల ప్రశ్నలే తినేశాయి. తిరువనంతపురంలో 2007 నుంచి నడుస్తున్న అంతరిక్ష శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థ గురించి, అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల గురించి, తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా కార్యక్రమం గురించి ఆమె చెప్పిన వివరాలను పిల్లలు సరిగా రాసుకోలేకపోయారు. ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చి ఉంటే సరిపోయేది.

మరికొన్ని లోపాలు చెప్పవలసి ఉంది. మేడమ్ గారు చక్కని తెలుగులో మాట్లాడతారు, కానీ చేతికిచ్చే పత్రాలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. మా పాఠశాల పిల్లలిద్దరూ మొదటి రెండు వారాలు పట్టిక శీర్షికలు అర్థం కాక ఇబ్బంది పడ్డారు, నేను పక్కన కూర్చుని తెలుగులో రాసిచ్చాను. 2,400 రూపాయలు ఈ స్థాయి బోధనకు ఎక్కువ కాదన్నది నా అభిప్రాయం, అయినా కూలిపనులు చేసుకునే కుటుంబాలకు అది మోయలేని మొత్తం. మా ఇద్దరు విద్యార్థినులకూ సగం తగ్గించారుగానీ, అడిగినవారికి మాత్రమే దక్కే రాయితీ కాకుండా ప్రకటనలోనే రాయాలి. అనకాపల్లి, గాజువాక వైపు నుంచి వచ్చే పిల్లలకు ఉదయం తొమ్మిది గంటల తరగతి అంటే రెండు బస్సులు మారాలి. హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మంచినీళ్లు ఇంటినుంచే తెచ్చుకోవడం మేలు.

చేరదలచినవారు రూళ్లు లేని పెద్ద నోటుపుస్తకం, పెన్సిలు కొనిస్తే చాలు. రబ్బరు అక్కర్లేదు, తెచ్చినా వాడనివ్వరు. పరీక్షల్లో మార్కులు పెరుగుతాయన్న ఆశతో మాత్రం పంపవద్దు. ఈ ఆరు వారాల్లో పాఠ్యప్రణాళికలోని ఒక్క అధ్యాయం కూడా పూర్తికాదు.

తెలుగు మాధ్యమం పిల్లల కోసం భీమిలి వైపు ఒక విడత పెట్టమని చివరి రోజు నేను అడిగాను. గది, తొట్లు, ఇసుక మీరు సమకూర్చుకుంటే ఫీజు లేకుండా వస్తానని, అయితే పత్రాలన్నీ ముందు మీరే తెలుగులో రాయాలని ఆమె షరతు పెట్టారు. మా ప్రధానోపాధ్యాయుల వారు సైన్సు ల్యాబు గదికి ఒప్పుకున్నారు. ఆరు తొట్లు కొన్నాం. గుంటల పట్టిక తెలుగులో పూర్తయింది. చివరి గడికి "ఎందుకలా వచ్చింది" అన్న శీర్షికను మా ఇద్దరు అమ్మాయిలే ఎంచుకున్నారు.